అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుల వారికి బహిరంగ లేఖ

అయ్యా,

కరోనా వల్ల 2020-21, 2021-22 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) సీజన్లు రెండూ పూర్తిగా గోవాలోనే జరిగాయి. ప్రాణాలు ముఖ్యం, కాదనను. కానీ మా హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలిలో ఒక్క సీజనే ఆడి, సొంత మైదానానికి దూరమైపోయింది.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్. 88వ నిమిషంలో మా సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో స్కోరు సమం. ఆ తర్వాత షూటౌట్‌లో మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు! ఆ టెన్షన్ అంతా మేం టీవీ ముందే పడ్డాం. కప్పు గెలిచిన సీజన్‌లో ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా లేదు. కొత్త జట్టుకు అభిమానులు ఎలా పుడతారండీ?

మళ్లీ ఇలాంటి కష్టం వస్తే, పరిస్థితి చక్కబడగానే మిగిలిన మ్యాచ్‌లు సొంతూళ్లకు తిరిగి రావాలని నిబంధన రాయించండి. ఇప్పుడే, తీరిగ్గా ఉన్నప్పుడే.

ఇట్లు,
ఒక హైదరాబాద్ అభిమాని