నాన్నగారి లివర్ రిపోర్టు గురించి

మస్కట్,
2021 ఆగస్టు 14.

పూజ్యులైన నాన్నగారికి మీ పెద్దబ్బాయి నమస్కరించి రాయునది.

నేను క్షేమం. డ్యూటీలు మామూలుగానే నడుస్తున్నాయి. ఫోనులో చెప్పబోతే మధ్యలో అమ్మ ఏడుపు అందుకుంటోందని, కాగితం మీద రాసి ఫోటో తీసి చెల్లాయికి పంపుతున్నాను. కళ్లజోడు పెట్టుకుని నిదానంగా మీరే చదువుకోండి.

కరోనా తగ్గి ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు మీ చేతిలో పెట్టిన రిపోర్టు చూశాను. అందులోని ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనేవి కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు. ఎస్‌జీఓటీ అంకె మీద అమ్మ పసుపు వేలి మరక పడినందువల్ల అది 46 అవునో 96 అవునో తేలక పెద్దది చేసి చూడవలసి వచ్చింది. 96. ఎస్‌జీపీటీ 78. రెండూ 40 లోపు ఉండవలసిన మాట నిజమే. అయితే ఆ కాగితం సంగతి విని వీధిలో ఎవరో "ఊపిరితిత్తుల జబ్బుకి లివర్ ఎందుకు చెడుతుంది, చాటుగా తాగేవాడేమో" అన్నారని, అప్పటినుంచి మీరు సాయంత్రాలు అరుగు మీదకు రావడం మానేశారని చెల్లాయి చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెరువు గట్టున తాడిచెట్ల కింద సగం ఊరు ముంతలు పట్టుకు కూర్చున్న రోజుల్లో కూడా అటు తిరిగి చూడని మనిషి మీరు. ఆ మాట అన్నవారికి ఈ ఉత్తరం చదివి వినిపించండి.

కరోనాతో ఆసుపత్రిలో చేరినవారిలో ఈ అంకెలు పెరగడం చాలా మామూలు విషయం. మొదట్లో చైనా నుంచి వచ్చిన నివేదికల్లోనే నూటికి 14 మొదలుకొని 53 మంది దాకా పెరిగినట్టు రాశారు. ఎక్కువమందిలో మీకు లాగే రెండు మూడు రెట్లు దాటదు, జబ్బు తగ్గాక అదే దిగుతుంది. ఆ వైరస్ లోపలికి దూరడానికి పట్టుకునే ఏస్2 అనే గ్రాహకం కాలేయ కణాల్లో కన్నా, పిత్తరసాన్ని మోసుకెళ్లే పిత్తనాళాల గోడల్లో ఎక్కువగా ఉంటుంది. అయినా మీ విషయంలో వైరస్ ఒక్కదాన్నే తప్పు పట్టలేము. ఆక్సిజన్ 84కి పడిపోయిన ఆ రెండు రోజులు కాలేయానికీ ప్రాణవాయువు చాలలేదు. వైరస్‌తో పోరాటంలో ఒళ్లంతా లోలోపల, పైకి కనబడని వాపు రేగింది. ఐదు రోజులు ఎక్కించిన రెమ్‌డెసివిర్ అనే వైరస్ మందు వల్ల కూడా ఈ అంకెలు పెరుగుతాయి. పైగా మీకు షుగరు ఉంది, రెండేళ్ల కిందటి స్కానింగులోనే కాలేయంలో కొవ్వు ఉందన్నారు. ఎస్‌జీఓటీ కండరాల నుంచి కూడా వస్తుంది కాబట్టి ఆ 96 అంతా కాలేయానిదే అనుకోనక్కరలేదు.

ఈ నాలుగు ముక్కలూ డిశ్చార్జి చేసేటప్పుడు మీకు ఎవరో ఒకరు చెప్పి ఉండవలసింది. అంకెల కింద ఎర్రగీత గీసి కాగితం చేతిలో పెట్టి పంపించడం నాకు చాలా బాధ కలిగించింది.

ఇది కామెర్లు కాదు. మా ల్యాబులో రక్తపు గొట్టాన్ని యంత్రంలో గిర్రున తిప్పి తీస్తే పైన తేలే సీరమ్ అనే ద్రవం మామూలు మనిషికి ఎండుగడ్డి రంగులో ఉంటుంది, కామెర్లు ముదిరినవారికి పసుపునీళ్లలా ముదురు రంగుకు తిరుగుతుంది. ఆ పసుపు రంగు తెచ్చే బిలిరుబిన్ మీకు 0.8 మాత్రమే, అది మామూలే. అందువల్ల అత్తయ్య తెప్పిస్తానంటున్న పసరు మందు దయచేసి తాగకండి. ఆవిడ ప్రేమతోనే చెబుతోంది, ఆవిడ మనసు నొప్పించవద్దు, నేను వద్దన్నానని చెప్పండి. అమ్మ రోజూ కాచి ఇస్తున్న తిప్పతీగ కషాయం కూడా ఆపండి. దాన్ని వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి సంగతి ముంబయి వైద్యులు ఈ మధ్యనే ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. వాళ్ల వాదం ఎలా ఉన్నా, ఇప్పటికే అలిసిన కాలేయం మీద మనం ప్రయోగం చేయవద్దు. ఒళ్లు నొప్పులకని వేసుకునే పారాసిటమాల్ 650 రోజుకు ఎన్ని వేసుకోవచ్చో డాక్టరుగారినే అడగండి. చాలా జలుబు బిళ్లల్లోనూ అదే మందు కలిసి ఉంటుంది, కాబట్టి రెండూ కలిపి వేసుకోకండి.

సార్వా నాట్లు అయ్యాయా? పొలం గట్టు మీదకు మీరు వెళ్లవద్దు, తమ్ముడు చూసుకుంటాడు.

రెండు వారాలకు మళ్లీ రక్తం ఇవ్వండి. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీలతో పాటు పిత్తనాళాల ఇబ్బందిని పట్టిచ్చే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా చూడమనండి, ఎందుకంటే బాగా తీవ్రమైన కరోనా తర్వాత అరుదుగా కొందరిలో పిత్తనాళాలు దెబ్బతింటాయి. మీకు స్టెరాయిడ్లు ఇచ్చారు, వాటివల్ల లోపల నిద్రపోతున్న హెపటైటిస్ బి అనే కాలేయపు వైరస్ ఉంటే లేవవచ్చు కాబట్టి ఆ పరీక్ష ఇదివరకు చేశారో లేదో కనుక్కోండి. ఈలోగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, పొట్ట ఉబ్బినా, పగలంతా మగతగా ఉన్నా రెండు వారాలు ఆగకుండా ఆ రోజే తీసుకువెళ్లమని తమ్ముడితో చెప్పాను.

ఇండియా వచ్చినవాళ్లను ఇప్పుడు తిరిగి రానివ్వడం లేదు, లేకపోతే మీ పక్క మంచం మీద నేనే ఉండేవాణ్ణి. మీరు ఆక్సిజన్ మీద ఉన్న రాత్రులు ఇక్కడ వేరేవాళ్ల నాన్నల రక్తం పరీక్షిస్తూ గడిపాను. ఒక్కో గొట్టం మీద వయసు 63 అని కనబడితే చెయ్యి ఆగేది.

ఈసారి రిపోర్టు ఫోటో తీసేముందు అమ్మను చెయ్యి కడుక్కోమనండి. సాయంత్రం అరుగు మీద కూర్చున్నారని చెల్లాయి నాకు చెప్పాలి.

ఇట్లు,
మీ పెద్దబ్బాయి