వాలు లెక్కలో మార్కులు పోయేది సూత్రం దగ్గర కాదు

సంపాదకులకు నమస్కారం.

పరీక్షలు దగ్గరపడితే పత్రికల చదువుల పేజీల్లో ‘రెండు బిందువుల గుండా పోయే రేఖ వాలు ఎంత?’ అన్న ప్రశ్న, దాని కిందే ఒక్క ముక్కలో జవాబు కనిపిస్తాయి. వైల తేడాను ఎక్స్‌ల తేడాతో భాగించాలన్న సూత్రం పిల్లలకు నోటికొచ్చు. తప్పు జరిగేది ఆ తర్వాతే.

(−3, 4), (5, −2) తీసుకోండి. బ్రాకెట్‌లో మొదటిది ఎక్స్, రెండోది వై. వైల తేడా −2 − 4 = −6. ఎక్స్‌ల తేడా 5 − (−3) = 8. వాలు −6/8, అంటే −3/4. బ్రాకెట్ వేయనివాళ్లు 5 − 3 = 2 అని రాసి వాలును −3 చేస్తారు. ఇంకొందరు లవంలో మొదటి బిందువుతో, హారంలో రెండో బిందువుతో మొదలుపెట్టి 3/4 తెస్తారు. ఏ బిందువుతో మొదలుపెట్టినా ఫర్వాలేదు, పైనా కిందా అదే ఉండాలి. సరిచూడటం తేలిక: (−3, 4) నుంచి కుడికి 4, కిందికి 3 జరిగితే (1, 1). మళ్లీ అంతే జరిగితే (5, −2). చేరకపోతే లెక్క తప్పు. ఎడమ నుంచి కుడికి దిగుతున్న రేఖకు ధన వాలు వచ్చిందంటే తప్పని తేలిపోయినట్టే, సరిచూడాల్సిన పని కూడా లేదు!

(2, 5), (7, 5) అయితే 0/5, వాలు సున్నా. (2, 5), (2, 9) అయితే 4/0, వాలు నిర్వచితం కాదు. రెండింటికీ సున్నా అని రాసేవాళ్లే ఎక్కువ.

గ్రాఫు మీద కోణమాని పెట్టి వాలు చెప్పడం ఇంకో చిక్కు. రెండు అక్షాలకూ స్కేలు ఒకటే అయితేనే వాలు 1కి 45 డిగ్రీలు వస్తుంది. ఎక్స్‌కు సెంటీమీటరుకు 1, వైకి సెంటీమీటరుకు 5 అని గీసిన బొమ్మలో కోణం కొలిచి దాని టాన్ (స్కేలు ఒకటే అయినప్పుడు వాలుకు సమానమయ్యే త్రికోణమితి విలువ) చూస్తే అసలు వాలులో అయిదో వంతే వస్తుంది.

ప్రమాణాల (యూనిట్ల) సంగతి మన కొండనే అడగొచ్చు. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 19 కిలోమీటర్లు. ఎత్తు తేడా లెక్క కోసం 650 మీటర్లు అనుకుందాం. 650ని 19తో భాగిస్తే 34 దాటుతుంది, అది దాదాపు నిలువు గోడ, బస్సు ఎక్కేది కాదు. కిలోమీటర్లను 19,000 మీటర్లు చేస్తే 0.034, అంటే వంద మీటర్లకు మూడున్నర మీటర్ల లోపు ఎక్కడం. ఇదీ 36 మలుపులు తిరిగిన దారి సగటు మాత్రమే. అడుగునూ శిఖరాన్నీ కలిపే సరళరేఖ వాలు ఇంతకంటే బాగా ఎక్కువ, ఎందుకంటే హారంలో ఉండాల్సింది దారి పొడవు కాదు, అడ్డంగా ఉన్న దూరం.

మీ చదువుల పేజీలో జవాబు పక్కన తేడాలు తీసిన రెండు వరుసలూ, బ్రాకెట్లతో సహా, అచ్చు వేయగలరు. నమూనా ప్రశ్నల్లో ఒక్కటైనా నిలువు రేఖ ఇవ్వండి.

— లెక్కల ఉపాధ్యాయులు, తిరుపతి