ఎండిన వేపలను నరకొద్దు, చిగురిస్తాయి

సంపాదకులకు,

గత వారం మీ జిల్లా ఎడిషన్‌లో 'వేప చెట్లకు వింత రోగం' వార్త చదివాను. మా ఉదయగిరి మెట్టలో ఈ చలికాలం ఎటు చూసినా వేపలు మాడిపోయి ఉన్న మాట నిజం. కానీ 'ఎండిన చెట్లను తొలగిస్తున్నాం' అని అధికారులు చెప్పడం చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

ఇందులో వింతేమీ లేదు. ఇది ఎండు తెగులు. దీనికి కారణమైన ఫోమోప్సిస్ అజాడిరక్టే అనే శిలీంద్రానికి 1997లోనే పేరు పెట్టారు. 2021లో తెలంగాణలో ఊరూరా వేపలు ఎండినప్పుడు పత్రికలన్నీ రాశాయి. వాన చినుకుల వెంట ఇది కొమ్మ నుంచి కొమ్మకు పాకుతుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు తర్వాతే కాబట్టి డిసెంబరు, జనవరి నాటికి చెట్టు మోడులా కనిపిస్తుంది. టీ దోమ అనే రసం పీల్చే పురుగు లేత చిగుళ్లను పీల్చి చేసిన గాయాలు దీనికి దారి ఇస్తాయి. అయితే ముందుగా దెబ్బతినేది చిగుళ్లు, రెమ్మలే. మాను, వేరు బాగుంటే చాలా చెట్లు ఎండలు ముదిరేసరికి మళ్లీ చిగురిస్తాయి. గోటితో బెరడు గీకితే లోపల పచ్చగా ఉందో లేదో తెలుస్తుంది. ఆ మాత్రం చూడకుండానే రంపం పెడుతున్నారు!

ఎండిన రెమ్మలను కొంత పచ్చి భాగంతో సహా కత్తిరించి కాల్చేయాలి. కోసిన చోట మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూయాలి. చిగుళ్లు వచ్చేటప్పుడు లీటరు నీటికి గ్రాము కార్బెండజిమ్ అనే తెగులు మందు కలిపి కొట్టాలి. పెద్ద మానులకు మందు కొట్టడం కష్టమే, కాదనను. బడుల్లో, రోడ్ల పక్కన ఉన్న చిన్న చెట్లకైనా చేయొచ్చు కదా. ఈ తెగులు గింజ ద్వారా కూడా వస్తుంది కాబట్టి నర్సరీలకు గింజలు ఏరేటప్పుడూ జాగ్రత్త పడాలి.

ఇదంతా చెబుదామని వెళ్తే ఒక ఆఫీసు వాళ్లు ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడ చెట్లు తమ పరిధి కాదన్నారు. నరకడానికి మాత్రం మనుషులూ ట్రాక్టరూ వెంటనే దిగారు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. రోడ్డు పక్క చెట్లకు ఆ అనుమతి ఎవరిచ్చారు? అసలు చెట్టంటే ఎవరికీ లెక్క లేకుండా పోయింది. ఫ్లెక్సీల కోసం మానుకు మేకులు కొడతారు, మొదలు చుట్టూ సిమెంటు పోస్తారు, కరెంటు తీగలకు అడ్డమని సగం కొమ్మలు కొట్టేస్తారు. ఏటా మొక్కలు నాటి ఫొటోలు దిగుతారు, మర్నాటి నుంచి నీళ్లు పోసే దిక్కుండదు.

2018లో వేపను మన రాష్ట్ర వృక్షంగా ప్రకటించుకున్నాం. ప్రకృతి వ్యవసాయం చేయమని రైతులకు చెబుతున్నాం. అందులో పురుగులకు కొట్టే 5 శాతం వేప కషాయం కావాలంటే 100 లీటర్ల నీటికి 5 కిలోల వేప గింజల పొడి ఉండాలి. పూత మాడిపోయి, చెట్టూ నరికేస్తే ఆ గింజలు ఎక్కడి నుంచి తెస్తారు?

ఉగాది దాటినా చిగురు రాని చెట్టును అప్పుడు తీయండి. అప్పటిదాకా నరకడం ఆపమని కలెక్టరు గారు ఆదేశించాలి. తెగులు గురించి ఏ శాఖను అడగాలో ప్రతి పంచాయతీ ఆఫీసు బోర్డు మీద రాయించాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా