డీజీపీ గారూ, తిరిగొచ్చినవాళ్లను ఎవరైనా అడిగారా?

గౌరవనీయులైన తెలంగాణ డీజీపీ గారికి నమస్కారాలు.

నేను ఒక పీజీ కాలేజీలో సోషియాలజీ చెబుతాను. అంతకుముందు కొన్నేళ్లు జిల్లా ఎడిషన్‌కి క్రైం వార్తలు రాశాను. 'ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్లి తిరిగి రాలేదు. బంధువుల ఇళ్లలో, చుట్టుపక్కల వెతికినా ఆచూకీ లభించలేదు. పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు.' పేరు, వయసు, కట్టుకున్న చీర రంగు మారేవి, మిగతా వార్తంతా అదే. అదే మనిషి దొరికితే మాత్రం వార్త రాసేవాళ్లం కాదు. పేజీలో చోటు ఉండదు, స్టేషన్‌లో చెప్పేవాళ్లూ ఉండరు.

ఈ లేఖ ఆ దొరికినవాళ్ల గురించే.

మన స్టేషన్లకు ఒక మంచి అలవాటుంది. ఫిర్యాదును జనరల్ డైరీలో ఎక్కించి వదిలేయకుండా 'ఉమెన్ మిస్సింగ్', 'మ్యాన్ మిస్సింగ్' అని ఎఫ్‌ఐఆరే కడతారు. పిల్లలు కనిపించకపోతే కేసు కట్టి తీరాలని, కిడ్నాపో అక్రమ రవాణాయో జరిగిందన్న అనుమానంతోనే దర్యాప్తు మొదలుపెట్టాలని 2013లో బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే బాలల హక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో ఇంకో తీర్పు వచ్చింది. కాబట్టి మనిషి ఎలా వెళ్లిపోయిందో నాలాంటివాడు కూడా ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. తర్వాత ఏమైందో మాత్రం ఎక్కడా దొరకదు. స్టేషన్‌లోనైనా ఉందా అంటే, చాలా ఫైళ్లలో ఉండేది ఒక్క మాట: 'ట్రేస్డ్', అంటే దొరికారు అని.

రిపోర్టర్‌గా ఉన్నప్పుడు ఒక స్టేషన్‌లో చూశాను. నలభై దాటిన ఆవిడ, భర్తతో, అన్నతో వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఆమె నోరు విప్పకముందే రైటర్ కాగితం సగం నింపేశాడు: కుటుంబ కలహాల వల్ల మనస్తాపం చెంది వెళ్లాను, నా ఇష్టపూర్వకంగా తిరిగి వచ్చాను. సంతకం పెట్టేటప్పుడు ఆమె, 'ఎక్కడున్నానో రాయరా సార్?' అని అడిగింది. 'అవసరం లేదమ్మా' అన్నాడు. ఆయన తప్పు కూడా కాదు, ఆ ఫారంలో ఆ గడే లేదు. బయట టీ కొట్టు దగ్గర నాకు చెప్పింది. పక్క టౌన్‌లో ఒక ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోముతూ అక్కడే పడుకునేదట. రోజూ స్టేషన్ ముందు నుంచే నడిచేదట. లోపలికి వెళ్తే మొగుడికి అప్పజెప్పేస్తారేమోనని ఆగిపోయేదట.

పోలీసు శాఖకు ఎంత పనికొచ్చే సమాచారం ఇది! టీ గ్లాసుతో పాటే పోయింది.

2019 నుంచి 2021 దాకా దేశంలో పద్దెనిమిదేళ్లు దాటిన ఆడవాళ్లు 10,61,648 మంది, అంతకన్నా చిన్న ఆడపిల్లలు 2,51,430 మంది కనిపించకుండా పోయారని 2023 జులైలో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. తెలుగు టీవీల్లో ఆ నెల ఎంత రచ్చ జరిగిందో మీకు తెలుసు. వాళ్లను అమ్మేశారని ఒక పక్షం, అందరూ ఇళ్లకు చేరారని ఇంకో పక్షం. ఎవరు ఎందుకు వెళ్లారో, ఏ పరిస్థితుల్లో తిరిగొచ్చారో చదివినవాళ్లు ఏ పక్షంలోనూ లేరు, ఎందుకంటే చదవడానికి ఏమీ లేదు.

స్కాట్లాండ్‌లో గ్లాస్గో యూనివర్సిటీ జాగ్రఫీ పరిశోధకులు పోలీసుల సాయంతోనే ఈ పని చేశారు. మిస్సింగ్ కేసు నమోదై, తర్వాత తిరిగొచ్చిన 45 మంది పెద్దవాళ్లతో తీరిగ్గా మాట్లాడారు. ఏ దారిన నడిచారు, రాత్రి ఎక్కడ తలదాచుకున్నారు, పోలీసు కనబడితే ఏమనిపించింది, ఇవీ ప్రశ్నలు. తమ మీద మిస్సింగ్ కేసు ఉందన్న సంగతే తెలియనివాళ్లు ఉన్నారు. దొరికితే నేరం చేసినవాళ్లలా చూస్తారని దాక్కున్నవాళ్లు ఉన్నారు. తమకు తెలిసిన చోట్ల చుట్టూనే తిరిగినవాళ్లు ఉన్నారు. ఆ మాటలే అక్కడి పోలీసు శిక్షణలోకి వెళ్లాయి. 2017లో స్కాట్లాండ్ ప్రభుత్వం తెచ్చిన జాతీయ విధానంలో, తిరిగొచ్చిన మనిషితో కూర్చుని మాట్లాడటం కూడా ఒక భాగమైంది.

వాళ్ల జవాబులు మనకు పనికిరావు, ప్రశ్నలు పనికొస్తాయి. ఇంటర్ రిజల్ట్స్ రోజు ఇల్లు వదిలిన కుర్రాడు సికింద్రాబాద్ స్టేషన్‌కి పోతాడా, తిరుమల కొండెక్కుతాడా, ఫ్రెండ్ రూమ్‌లో తలుపేసుకుంటాడా? మతిమరుపు వచ్చిన తాత పాత ఇంటి వైపు నడుస్తాడా, బస్సెక్కేస్తాడా? ఈ ప్రశ్నలకు జవాబులు ఉంటే గానీ మొదటి ఆరు గంటల్లో ఏ దిక్కుకు మనుషుల్ని పంపాలో తెలియదు. మన ఎస్సైలు అనుభవంతో ఊహిస్తారు, చాలాసార్లు అదే నిజమవుతుంది. ఆ ఎస్సై బదిలీ అయితే ఆ అనుభవం కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది. 2018లో మీ శాఖ తెచ్చిన దర్పణ్ యాప్ మొహాలు పోల్చి పిల్లల్ని ఇళ్లకు చేర్చింది, అది నిజంగా గొప్ప పని. కానీ పిల్లాడు రైలెందుకు ఎక్కాడో యాప్ అడగదు కదా.

ఇలాంటి ఫైళ్లను కలిపి చదివేవాళ్లు లేకపోతే ఏమవుతుందో యాదాద్రి జిల్లా హాజీపూర్‌లో చూశాం. 2019 ఏప్రిల్‌లో బడికి వెళ్లిన పాప శవం పాడుబడ్డ బావిలో దొరికింది. రోజుల తేడాలో అదే బావిలో మార్చి నుంచి జాడ లేని డిగ్రీ విద్యార్థిని, ఇంకో బావిలో 2015లో మాయమైన పదకొండేళ్ల పాప. ఊరికి బస్సు లేదు, లిఫ్ట్ అడిగితే తప్ప పిల్లలు ఇల్లు చేరలేరు. ఒకే చుట్టుపక్కల ఆడపిల్లలు ఒక్కొక్కరే కనిపించకుండా పోతుంటే, ఆ పేర్లన్నీ ఒక మ్యాప్ మీద పెట్టి చూడటం ఎవరి డ్యూటీ? ఇప్పటికీ ఫలానా వాళ్లదని నేను చెప్పలేను.

వరంగల్ దగ్గర గొర్రెకుంటలో జరిగింది ఇంకో రకం. 2020 మార్చిలో, వరంగల్‌కి బతుకుదెరువుకు వచ్చిన బెంగాల్ మహిళను ఒకడు రైల్లో తీసుకెళ్లి, చంపి, నిడదవోలు దగ్గర తోసేశాడు. ఆంధ్రలో రైల్వే పోలీసులకు ఆమె గుర్తుతెలియని శవం. ఇక్కడ ఆమె కోసం ఒక్క మిస్సింగ్ ఫిర్యాదు కూడా లేదు. ఆమె ఏమైందని అతణ్ని నిలదీసి, పోలీసులకు చెబుతానన్న బంధువుతో సహా తొమ్మిది మంది మే నెలలో గొర్రెకుంట బావిలో శవాలై తేలారు. వలస కూలీ కనిపించకపోతే ఫిర్యాదు చేసేదెవరు, వాళ్లు స్టేషన్ మెట్లెందుకు ఎక్కరు అన్నది కూడా పరిశోధన చేయాల్సిన ప్రశ్నే. రెండు రాష్ట్రాల మిస్సింగ్ జాబితాలను, రైల్వే పోలీసుల శవాల జాబితాలను డీఎన్‌ఏతో సరిపోల్చే మార్గం 2019 నాటి డీఎన్‌ఏ బిల్లులో ఉండేది. 2023 జులైలో ఆ బిల్లును కేంద్రం వెనక్కి తీసుకుంది. దాని గురించి మీకు రాసి లాభం లేదు, వదిలేస్తాను.

పరిశోధన చేసేవాళ్లు లేరా? ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ, రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్, శామీర్‌పేట దగ్గర నల్సార్ లా యూనివర్సిటీ, శివరాంపల్లిలో ఐపీఎస్‌లను తయారుచేసే అకాడమీ, అన్నీ మన హైదరాబాద్ చుట్టూనే ఉన్నాయి. మా విద్యార్థిని ఒకరు, ముగిసిపోయిన మిస్సింగ్ ఫైళ్లు పేర్లు కొట్టేసి చూపించమని ఒక పోలీసు ఆఫీసులో దరఖాస్తు పెట్టింది. పైనుంచి పర్మిషన్ తెమ్మన్నారు. పైఆఫీసు, కింద అడగమంది. పాపం తిరిగి తిరిగి విసిగిపోయి టాపిక్ మార్చుకుంది. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్ అలవాట్ల మీద ప్రాజెక్ట్ రాస్తోంది. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

మీ భయం నాకు అర్థమవుతుంది. మిర్యాలగూడ పరువు హత్యను చూసిన రాష్ట్రం మనది. మేజర్ అయిన అమ్మాయి తన ఇష్టంతో వెళ్లిపోతే, ఆమె ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు చేరడం ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు మాకు వద్దు. వయసు, ఎన్ని రోజులు, ఎంత దూరం, ఎలా దొరికారు, వెళ్లడానికి కారణంగా తామే చెప్పిందేమిటి, ఇంతవరకే చాలు. ఆ ప్రశ్నలు అడిగేది కూడా కేసు చూసిన అధికారి కాకూడదు. బాధిత మహిళలకు, పిల్లలకు సాయం చేసే మీ భరోసా కేంద్రాల్లో కౌన్సెలర్లు ఉన్నారు, వాళ్లతో అడిగించండి. భర్తనో తండ్రినో పక్కన కూర్చోబెట్టి మాత్రం వద్దు. చెప్పడం ఇష్టం లేదంటే వదిలేయాలి.

ముందు ఒక్క కమిషనరేట్‌లో, ఒక్క ఏడాదికి మొదలుపెట్టించండి. కేసు మూసే ఫారానికి ఒక అరపేజీ చేర్చండి. అలాగే ఆ కమిషనరేట్‌లో ఇప్పటికే మూసేసిన ఫైళ్లను, మీ సిబ్బంది చేతే పేర్లు, ఊళ్లు చెరిపించాక, యూనివర్సిటీలు చదువుకునేలా ఉత్తర్వు ఇవ్వండి. దరఖాస్తు ఏ హోదా అధికారికి ఇవ్వాలో, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో అందులో స్పష్టంగా రాయించండి. మా దగ్గర ఇంకో ఇద్దరు ఈ టాపిక్ తీసుకుంటామంటున్నారు. వాళ్ల ప్రాజెక్ట్ పేర్లు ఇచ్చే గడువు ఇంకా దాటలేదు.

భవదీయుడు,
ఒక సోషియాలజీ లెక్చరర్