ఆ రాత్రి మా పొయ్యి ముందు కూర్చున్న పెద్దాయనకు

అందరికీ నమస్కారం. మూడు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి. ఇక్కడ పెన్సిల్వేనియాలో, స్క్రాంటన్ దగ్గర, మైనస్ 20 డిగ్రీల చలిలో మా ఇంటి బొగ్గు పొయ్యి మళ్లీ క్షేమంగా మండుతోందంటే అది ఒక్క మనిషి చలవ.

కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విష వాయువు) అలారం మోగగానే అందరం బయటికి వచ్చేసి 911కి ఫోన్ చేశాం. వచ్చినవాళ్లు పొగ గొట్టం చూపించుకునేదాకా నిప్పు వెయ్యొద్దన్నారు. మర్నాడు బొగ్గు యార్డులో ఈ మాట చెబితే, అక్కడ బస్తాలు ఎత్తే పెద్దాయన, ఒకప్పుడు చిమ్నీల పని చేసినవారట, డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికే వచ్చారు.

పొయ్యి వైపు చూడనే లేదు. వెనక గొట్టాన్ని వేలి కణుపుతో తట్టుకుంటూ పోయారు. ఖాళీగా ఉన్నచోట ఖంగుమంది, మలుపు దగ్గర దబ్బుమంది. స్క్రూలు విప్పి ఆ మలుపును బకెట్లోకి వంచితే విభూతిలాంటి బూడిద, సగానికి పైగా పూడిపోయి ఉంది. మేం వాడే గట్టి బొగ్గు, ఆంత్రసైట్‌కి మసి పెద్దగా పట్టదు కాబట్టి శుభ్రం చేయక్కర్లేదనుకుంటాం. కానీ మంటతో ఎగిరే ఈ బూడిద అడ్డ గొట్టంలోనూ, చిమ్నీ అడుగునా పేరుకుంటుంది. దారి మూసుకుంటే ఆ విష వాయువు గదిలోకే. తిరిగి బిగించేటప్పుడు అతుకుకి మూడు స్క్రూలు, చిమ్నీ వైపు అడుగుకి పావు అంగుళం ఎత్తు. చిమ్నీ అడుగు తలుపులోంచి అద్దం పెట్టి ఆకాశం కనిపించేదాకా వదల్లేదు.

తర్వాత కట్టెలతో నిప్పు చేసి, పల్చగా బొగ్గు, అది అంటుకున్నాక ఇంకాస్త, అలా పొయ్యి లోపలి ఇటుకల అంచు దాకా. పల్చగా వదిలేస్తే ఈ చలికి నిలవదు. మనకి కుంపటి అలవాటు: విసరడం, ఊచతో కెలకడం. ఈ బొగ్గుకి గాలి కింద జల్లెడలోంచే రావాలి. పైనుంచి కెలికితే బూడిద నిప్పులో పడి కరిగి గడ్డకట్టి గాలిని ఆపేస్తుంది. 12 గంటలకోసారి జల్లెడని కదిపే మీట ఆడించి, ట్రేలోకి ఎర్రటి కణికలు రాలడం మొదలవగానే ఆపాలి. కొత్త బొగ్గు మొత్తం కప్పెయ్యకూడదు, ఒక మూల నిప్పు కనిపిస్తూ ఉండాలి, దాని మీద నీలి మంటలు లేవాలి. కప్పేస్తే బొగ్గులోంచి వచ్చే గ్యాసు చేరి ఒక్కసారిగా భగ్గుమంటుంది.

చలి ముదిరేకొద్దీ చిమ్నీ ఇంకా గట్టిగా లాగుతుంది. ఆయన తన మానోమీటరు (లాగుడు కొలిచే పరికరం) తగిలించి, లాగుడుని అదుపు చేసే డ్యాంపరు రెక్క బరువు సర్ది, లాగుడు నీటిమట్టం లెక్కలో 0.04, 0.06 అంగుళాల మధ్య నిలిపారు. బూడిద తలుపు తెరిచి మర్చిపోతే జల్లెడ వంగిపోతుందని రెండుసార్లు చెప్పారు. వంటింట్లో పోపు వేసేటప్పుడు పెట్టే పెద్ద ఫ్యాను కూడా పొగని వెనక్కి లాగుతుందట. అప్పుడు కిటికీ కాస్త తెరవండి.

మొదటి నిప్పు నిలదొక్కుకునేదాకా నేలమీదే కూర్చున్నారు. డబ్బులివ్వబోతే వద్దని, మా బాబు పడుకునే గది బయట కొత్త అలారం బిగించి, తన రేకు బకెట్టు, మూతతో సహా, ఇచ్చి వెళ్లారు. బూడిద నివురుగప్పిన నిప్పే, రోజుల తరబడి కణికలు బతికే ఉంటాయి, చెక్క వరండాలో పెట్టొద్దన్నారు. ఆయన మెట్లు దిగుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

ఇల్లు కొన్నప్పుడు తనిఖీకి డబ్బు తీసుకున్నవాళ్లు "బొగ్గు పొయ్యి: పరిశీలించలేదు" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నారు. బొగ్గు పొయ్యి ఉందని ఇన్సూరెన్సు వాళ్లు ప్రీమియం మాత్రం పెంచారు. దాన్ని చూడాల్సిన బాధ్యత మాత్రం ఎవరికీ లేదు. ఇదెక్కడి న్యాయమండీ?

మా ఆవిడకీ, అత్తయ్యగారికీ, తమ్ముడికీ థాంక్స్ వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, ఫైరు వాళ్లని మర్చిపోయాను, ఏడు నిమిషాల్లో వచ్చారు. రెండు కరెంటు హీటర్లు తెచ్చి, ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు, గోడ ప్లగ్గుకే పెట్టమన్న గుడి గ్రూపు అన్నయ్యకీ. ఎదురింటి ఆవిడకి కూడా, ఆ రాత్రి పిల్లల్ని దుప్పట్లలో చుట్టి తన సోఫాలో పడుకోబెట్టింది.