సొంత పని ఆదాయానికి ఐటీఆర్-1 సరిపోదు

సంపాదకులకు,

రిటర్నుల రోజులు వచ్చాయంటే పత్రికల్లో వచ్చే కథనాలన్నీ జీతగాళ్ళ కోసమే. యజమాని ఇచ్చే జీతం, పన్ను పత్రం ఫారం-16 చూసి అంకెలు ఎక్కించడం, పాత విధానమా కొత్త విధానమా అన్న చర్చ, అంతటితో సరి. కిరాణా కొట్టు, దర్జీ దుకాణం, పళ్ళ డాక్టరు క్లినిక్, ఇంట్లోంచి చేసే సాఫ్ట్‌వేర్ పని, బీమా ఏజెన్సీ, కాలేజీలో గంటల లెక్కన పాఠాలు... ఇలా బతికేవాళ్ళకు ఫారం-16 ఇచ్చేవారు ఎవరూ ఉండరు. తమ రాబడి తామే లెక్క కట్టుకోవాలి. తప్పులు దొర్లేది, నోటీసులు వచ్చేది ఎక్కువగా వీళ్ళకే. అందుకే 2025-26లో వచ్చిన రాబడికి రిటర్ను వేసేటప్పుడు చూసుకోవలసిన సంగతులు మీ పాఠకుల కోసం రాస్తున్నాం. కొత్త ఆదాయపన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినా, మార్చి 31 వరకు సంపాదించినదానికి 1961 చట్టమే వర్తిస్తుంది. కాబట్టి పాత సెక్షన్ నంబర్లే వాడుతున్నాం.

ముందుగా ఫారం సంగతి. మీ పేరు మీద జమైన పన్నుల పట్టిక 26ఏఎస్ తెరిచి టీడీఎస్ (డబ్బు ఇచ్చేవారు ముందే కోసే పన్ను) ఏ సెక్షన్ కింద కోశారో చూడండి. 192 ఉంటే జీతం. 194జే ఉంటే వృత్తి ఫీజు, 194సీ ఉంటే కాంట్రాక్టు, 194డీ ఉంటే బీమా కమిషన్. నెలనెలా ఒకే సంస్థ నుంచి ఒకే మొత్తం వస్తోంది కదా అని కాంట్రాక్టు మీద పనిచేసే ఇంజనీర్లు, డాక్టర్లు దాన్ని జీతంగా రాసి, రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్ కూడా తీసేసి, జీతగాళ్ళ సాదా ఫారం ఐటీఆర్-1 వేసేస్తున్నారు. ఆ డిడక్షన్ జీతానికీ పెన్షన్‌కూ మాత్రమే. ఐటీఆర్-1లో వ్యాపార, వృత్తి ఆదాయం చూపే చోటే లేదు. 194జే కింద కోసిన పన్ను వాపసు అడుగుతూ, వృత్తి ఆదాయం సున్నా చూపితే రెండూ పొసగవు. 139(9) కింద రిటర్ను లోపభూయిష్టమని నోటీసు వస్తుంది, సరిదిద్దడానికి ఇచ్చే గడువు 15 రోజులే.

రెండో తప్పు ఇంకా మామూలు. బ్యాంకులో పడ్డ డబ్బునే రాబడిగా రాయడం. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్ ఏడాదికి రూ.18 లక్షల బిల్లులు ఇచ్చారనుకోండి. కంపెనీ 10 శాతం, అంటే రూ.1,80,000 కోసుకుని రూ.16,20,000 జమ చేస్తుంది. రిటర్నులో చూపాల్సింది 18 లక్షలు. కోసిన పన్ను కూడా ఆయన సంపాదనే, ఆయన పేరు మీద ప్రభుత్వానికి చేరింది. ఖర్చుల లెక్కలు లేకుండా వృత్తి రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపనిచ్చే 44ఏడీఏ సెక్షన్ కింద రూ.9 లక్షలు చూపితే, ఇంకో రాబడి లేనప్పుడు కొత్త విధానంలో రూ.12 లక్షల లోపు రిబేటు వల్ల పన్ను సున్నా అయి, లక్షా ఎనభై వేలూ వెనక్కి వస్తాయి. 16.2 లక్షలు రాసినవారికి 26ఏఎస్‌తో లెక్క కలవక ఆ వాపసు ఆగిపోతుంది.

ఇక్కడే మార్చి బిల్లుల చిక్కు ఒకటుంది. మార్చిలో ఇచ్చిన బిల్లుకు కంపెనీ మార్చి 31నే టీడీఎస్ చూపి, డబ్బు మాత్రం ఏప్రిల్‌లో ఇస్తుంది. డబ్బు చేతికొచ్చినప్పుడే రాబడిగా రాసుకునే పద్ధతి మీదైతే, ఆ బిల్లు తాలూకు టీడీఎస్‌ను ఈ ఏడాది వాడుకోకుండా టీడీఎస్ షెడ్యూల్లో వచ్చే ఏడాదికి జరపాలి. ఆ గడి ఫారంలోనే ఉంది, చాలామంది ఖాళీగా వదిలేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, పద్ధతి ఏటా మార్చకూడదు.

44ఏడీఏ అందరికీ కాదు. న్యాయవాదులు, వైద్యులు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, సాంకేతిక సలహాదారులు, ఇంటీరియర్ డెకరేటర్లు, సినిమా కళాకారులు, ఐటీ వృత్తివారు వంటి చట్టం పేర్కొన్న వృత్తులకే. స్థూల రాబడి రూ.50 లక్షలు దాటకూడదు, నగదు వసూళ్ళు 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా. వ్యాపారులకు 44ఏడీ: అమ్మకాలు రూ.2 కోట్లు, నగదు 5 శాతం లోపే అయితే 3 కోట్లు. లాభం నగదు అమ్మకాల మీద 8 శాతం, బ్యాంకు ద్వారా, యూపీఐ ద్వారా వచ్చినదాని మీద 6 శాతం. ఏడాదికి 42 లక్షల అమ్మకాలున్న కిరాణా కొట్టులో 30 లక్షలు యూపీఐలో, 12 లక్షలు నగదుగా వస్తే లాభం 1,80,000 + 96,000, అంటే రూ.2,76,000. మొత్తానికీ ఆరు శాతమే వేసుకోవడం తప్పు.

ఈ శాతాలు కనీసం చూపాల్సినవి మాత్రమే. అసలు మిగిలింది ఎనభై శాతమై ఉండి, యాభై రాసి, మిగతా డబ్బుతో స్థలం కొన్నవారిని రేపు ఆ పెట్టుబడి ఎక్కడిదని అడిగితే రిటర్ను అక్కరకు రాదు. ఇంకో సంగతి, ఈ పద్ధతిలో అద్దె, జీతాలు, తరుగుదల మళ్ళీ విడిగా తీసివేయడానికి లేదు. ఖర్చులన్నీ ఆ శాతంలోనే ఇమిడి ఉన్నాయని చట్టం భావిస్తుంది.

బీమా ఏజెంట్లు, స్థలాల బ్రోకర్లు, కమిషన్ మీద బతికే వాళ్ళెవరికీ 44ఏడీ వర్తించదు. ఆరు శాతం లాభం చూపి, ఈ శాతాల పద్ధతికి వాడే ఐటీఆర్-4 ఫారం వేయించే ఇంటర్నెట్ సెంటర్ల మాట వినకండి. వీరు అసలు లాభనష్టాలు చూపే ఐటీఆర్-3 ఫారం వేసి, కమిషన్ మొత్తం చూపి, అసలు ఖర్చులు తీసివేయాలి.

ఖర్చులు నిజంగా ఎక్కువ ఉన్నవాళ్ళు 44ఏడీఏను గుడ్డిగా పట్టుకోవడం వాళ్ళకే నష్టం. ఒక డెంటల్ క్లినిక్ వసూళ్ళు 40 లక్షలు, అద్దె, సిబ్బంది, ల్యాబు, మెటీరియల్ కలిపి ఖర్చు 26 లక్షలు అనుకుందాం. సగం లెక్కన ఆదాయం 20 లక్షలు, కొత్త విధానంలో సెస్సుతో పన్ను రూ.2,08,000. అసలు లాభం 14 లక్షల మీదైతే రూ.93,600. తేడా లక్షా పద్నాలుగు వేల పైమాటే. అయితే సగం కన్నా తక్కువ చూపినందుకు లెక్కల పుస్తకాలు రాయాలి, ఆడిట్ చేయించాలి, ఐటీఆర్-3 వేయాలి. ఆడిట్ ఫీజు పోను కూడా డాక్టరుకు మిగులుతుంది. 44ఏడీలో ఉన్న వ్యాపారి మాత్రం జాగ్రత్తగా ఆలోచించాలి. ఆ పద్ధతిలో చేరాక అయిదేళ్ళ లోపు తక్కువ లాభం చూపి బయటికి వస్తే, తర్వాత అయిదేళ్ళు మళ్ళీ చేరడానికి వీల్లేదు.

ఖర్చులు రాసేటప్పుడు తరచు కొట్టివేతకు గురయ్యేవి కొన్ని. కారు లోను ఈఎంఐ మొత్తం ఖర్చు కాదు, అందులో వడ్డీ మాత్రమే, అదీ పనికి వాడినంత మేరకు. కారు విలువకు ఏటా 15 శాతం తరుగుదల. కంప్యూటరుకు 40 శాతం, కానీ కొన్న ఏడాది 180 రోజుల కన్నా తక్కువ వాడితే అందులో సగమే. నవంబరులో రూ.90,000 పెట్టి కొన్న ల్యాప్‌టాప్‌కు మొదటి ఏడాది రూ.18,000, మరుసటి ఏడాది మిగిలిన 72,000 మీద 28,800. ఒకరికి ఒకే రోజు రూ.10,000 మించి నగదుగా ఇస్తే ఆ ఖర్చు చెల్లదు. ఇంట్లోనే ఆఫీసు గది ఉంటే అద్దె, కరెంటు బిల్లుల్లో ఆ గది వాటా మాత్రమే. జీవిత బీమా ప్రీమియం, పిల్లల ఫీజు, ట్రాఫిక్ చలానా, కట్టిన ఆదాయపన్ను, ఇవేవీ వృత్తి ఖర్చులు కావు.

ఐటీఆర్-4 వేసే దుకాణదారులు చివర్లో చేతిలో నగదు, సరుకు నిల్వ, రావలసిన, ఇవ్వవలసిన బాకీల గడుల్లో సున్నాలు పెట్టేస్తారు. అరలనిండా సరుకున్న కొట్టుకు నిల్వ సున్నా ఎలా అవుతుంది? మార్చి 31 రాత్రి సరుకు లెక్కించి రాసి పెట్టుకోవాలి. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా, వేరే క్యూఆర్ కోడు పెట్టుకోవడం ఇంకా అవసరం. 2025 జూలైలో బెంగళూరులో చిరు వ్యాపారులకు యూపీఐ వసూళ్ళ ఆధారంగా జీఎస్టీ నోటీసులు వచ్చినప్పుడు, అన్నదమ్ములు పంపిన డబ్బూ చేబదుళ్ళూ అమ్మకాల్లో కలిసిపోతే విడదీసి చూపడం ఎంత కష్టమో తెలిసింది.

పన్ను పడేవారు రిటర్ను దాకా ఆగకూడదు. టీడీఎస్ పోను రూ.10,000 లేదా అంతకు మించి కట్టాల్సి ఉంటే అడ్వాన్సు టాక్సు, అంటే ఏడాది ముగియకముందే కట్టే పన్ను ఉంటుంది. 44ఏడీ, 44ఏడీఏ వారికి మార్చి 15 లోపు ఒకే విడత. పుస్తకాలు రాసేవారికి జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15 నాటికి వరుసగా 15, 45, 75, 100 శాతం. తప్పితే నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ. పాత విధానం కావాలనుకుంటే రిటర్ను గడువు లోపే ఫారం 10-ఐఈఏ వేయాలి. వ్యాపార, వృత్తి ఆదాయం ఉన్నవారు జీతగాళ్ళలా ఏటా అటూ ఇటూ మారలేరు, కొత్త విధానానికి తిరిగొచ్చే అవకాశం ఒక్కసారే. రిటర్ను వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై (అది మీరే వేశారని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం) చేయాలి, ఆ పని పూర్తయ్యేదాకా వేసిన రిటర్నుకు విలువ లేదు.

మీరు ప్రచురించే పన్ను పేజీలో ఒక వారం కన్సల్టెంటుకు, ఒక వారం కొట్టు యజమానికి, ఒక వారం బీమా ఏజెంటుకు నింపిన నమూనా ఫారాలు వేయాలని కోరుతున్నాం. అంకెలు సరిచూసే పని మేం చేసిపెడతాం.

— కొందరు పన్ను ప్రాక్టీషనర్లు, విజయవాడ