శిక్షణ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? చిన్న షెడ్ల మాట కూడా వినండి

సంపాదకులు గారికి,

తెలంగాణలో ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్న వార్తలు మీ పత్రికలో తరచూ చదువుతున్నాను. 65 ఐటీఐలు, టాటా టెక్నాలజీస్‌తో ఒప్పందం, 2,324 కోట్ల రూపాయలు, రోబోలు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లు. మంచిదే. నేనూ ఐటీఐలో టర్నర్, అంటే లేత్ పని, చదివినవాణ్నే కాబట్టి మల్లేపల్లి ఐటీఐలో అంత సామగ్రి దిగిందంటే అందరికంటే నాకే ఎక్కువ సంతోషం. కానీ ఆ పిల్లల్లో చాలామందికి రేపు పని దొరికేది మాలాంటి వాళ్ల దగ్గరే. మీకెలాంటి మనుషులు కావాలని మా లేన్‌కు వచ్చి అడిగినవాళ్లు మాత్రం లేరు. అందుకే ఈ ఉత్తరం.

జీడిమెట్లలో నాదొక చిన్న షెడ్డు. రెండు సీఎన్‌సీ టర్నింగ్ మెషిన్లు, ఒక పాత లేత్, ఒక మిల్లింగ్, ఒక డ్రిల్లు. హైడ్రాలిక్ కంపెనీలకు బుష్షులు (గొట్టంలాంటి చిన్న భాగాలు), పిస్టన్లు జాబ్ వర్కుగా చేసిస్తాం. నాతో కలిపి తొమ్మిది మందిమి. బాలానగర్ నుంచి గాజులరామారం దాకా ఇలాంటి షెడ్లు సందుకు పది ఉంటాయి. చంద్రయాన్‌కు వెళ్లిన భాగాల్లో కొన్ని బాలానగర్‌లోనే తయారయ్యాయని పేపర్లలో వచ్చింది. నా దగ్గర కాదు లెండి, కానీ చదివి మావాళ్లంతా మురిసిపోయారు.

ఈ మధ్య సూర్యాపేట దిక్కు కుర్రాడొకడు పనికోసం వచ్చాడు. టర్నర్ ట్రేడు, రెండేళ్ల కోర్సు, ఫస్ట్ క్లాసు. ఒక బుష్షూ, కొలిచే మైక్రోమీటరూ చేతికిచ్చి బయటి డయామీటర్ మిల్లీమీటర్లలో చెప్పమన్నాను. బిగింపు మోతాదు మించకుండా చూసే చివరి రాట్చెట్ ముట్టుకోకుండా, తిప్పే భాగమైన థింబుల్ పట్టుకునే గట్టిగా బిగించేశాడు. చూసి 24.37 అన్నాడు. అది 24.87. మైక్రోమీటర్ కదలని భాగం, అంటే స్లీవ్ మీద మధ్య గీతకు ఒక పక్క మిల్లీమీటర్లు, రెండో పక్క అర మిల్లీమీటర్లు ఉంటాయి. 24 దాటాక ఆ అర గీత కూడా బయటపడిందన్న సంగతి అతను గమనించలేదు. మా పనిలో అర మిల్లీమీటరు తేడా అంటే ఆ ముక్క నేరుగా స్క్రాప్ డబ్బాలోకే.

"మీ ఐటీఐల మైక్రోమీటర్లు లేవా బాబూ?" అనడిగితే, "ఉన్నయ్ సార్, బీరువాల ఉంటయ్. పరీక్షప్పుడు తీస్తరు" అన్నాడు.

పిల్లాడు మొద్దేమీ కాదు. దగ్గర కూర్చోబెట్టి చెబితే పది నిమిషాల్లో పట్టేశాడు. నెల తిరక్కుండానే బండి మీద డెలివరీలకు వెళ్లిపోయాడు. నేనిచ్చే హెల్పర్ జీతం కంటే అక్కడ చేతికి ఎక్కువ వస్తుంది, కాబట్టి తప్పు పట్టలేను. అయితే ఏడాది ఆగి ఆపరేటరై, మరో రెండేళ్లకు మెషిన్‌ను పనికి సిద్ధం చేసే సెట్టరైతే ఆ లెక్క తిరగబడుతుందని అతనికి చెప్పేవాళ్లు కావాలి. ఆ ఏడాది అతనికి గడిచే దారీ ఉండాలి.

సీఎన్‌సీ అంటే ప్రోగ్రామ్ కొట్టి బటన్ నొక్కడమే అనుకుంటారు. లోహాన్ని కోసే చిన్న బిళ్ల, అంటే ఇన్‌సర్ట్, అరిగేకొద్దీ బయటి డయామీటర్ మైక్రాన్ మైక్రాన్ చొప్పున పెరుగుతూ పోతుంది. డ్రాయింగులో ఇచ్చిన హద్దు దాటకముందే ఆ పోకడ కనిపెట్టి ఆఫ్‌సెట్ ఇవ్వాలి, అంటే మెషిన్‌లో కొలత సరిదిద్దాలి. ఎప్పుడు ఇన్‌సర్ట్ అంచు తిప్పాలో చిప్ (కోతలో వచ్చే లోహపు పొట్టు) రంగు చూసి, కోత చప్పుడు విని తెలుసుకోవాలి. రోజుకు వందల ముక్కలు తీసేచోట నిలబడితేనే ఇది ఒంటబడుతుంది. ల్యాబులో ముక్క పాడైతే అడిగేవాడుండడు. ఇక్కడైతే సాయంత్రానికి కంపెనీ నుంచి రిజెక్షన్ నోట్ వస్తుంది.

మరి ఒకప్పుడు బాలానగర్‌కు పనివాళ్లు ఎక్కడినుంచి వచ్చారు? 1940లలో మొదలైన ఆల్విన్, ప్రాగా టూల్స్, 1960లలో వచ్చిన హెచ్‌ఎంటీ, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, ఈ పెద్ద ఫ్యాక్టరీల్లో అప్రెంటిస్ చేసినవాళ్లే తర్వాత మా షెడ్లకు మేస్త్రీలు, సెట్టర్లు అయ్యారు. కొందరు సొంత షెడ్లు పెట్టుకున్నారు. నాకు గ్రైండింగ్ నేర్పిన పెద్దాయన ప్రాగాలో చేసినవాడే. వీల్ డ్రెస్సింగ్ (గ్రైండింగ్ రాయిని సరిచెయ్యడం) సరిగ్గా చెయ్యకపోతే ఆ రోజంతా మాట్లాడేవాడు కాదు. వెయ్యిమంది పనిచేసే సర్కారు కంపెనీ వందమందికి నేర్పి, అందులో సగం మంది బయటికి పోయినా దానికి లెక్కలోకి రాదు. ఆ సగం మందితోనే మా వాడ నడిచింది. ఇప్పుడు ఆల్విన్ లేదు, ప్రాగా లేదు, హెచ్‌ఎంటీ చిక్కి సగమైంది. వాటితోపాటే మనుషుల్ని తయారుచేసే ఖర్చు మోసేవాళ్లూ పోయారు. 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో మా బాలానగర్‌లోనే పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఇప్పటికీ గట్టిగానే నడుస్తోంది. అయితే అక్కడ టూల్ డిజైన్ చదివిన పిల్లలు చిన్న షెడ్లో మెషిన్ మీద నిలబడాలని ఎవరూ కోరుకోరు, నేనూ కోరను.

ఈ ఖర్చు మేమెందుకు మొయ్యం అంటారా? ఒక పిల్లాడికి ఆర్నెల్లు నేర్పడానికి నా సెట్టర్ టైమ్ పోతుంది, ఇన్‌సర్ట్లు విరుగుతాయి, ముక్కలు పాడవుతాయి. తీరా చేతికొచ్చాక పక్క లేన్ షెడ్డువాడు రెండు వేలు ఎక్కువిస్తానని పిలుచుకుపోతాడు. నేనూ అలా పిలుచుకున్నవాణ్నే. ఇక్కడ అందరం చేసేది అదే. ఒకడు నాటిన చెట్టు కాయలు పక్కింటివాళ్లు కోసుకుపోతుంటే ఎవడు నాటుతాడు? చివరికి అందరం ఎవరో నేర్పి పంపిన ఒడిశా, బీహార్ పిల్లల కోసం కాంట్రాక్టర్‌కు ఫోన్లు చేస్తున్నాం. వాళ్ల మీద నాకే ఫిర్యాదూ లేదు. నా దగ్గరున్న మంచి సెట్టరుది ఒడిశాలోని బాలేశ్వర్. కానీ స్థానికులకు పనివ్వడం లేదని మమ్మల్ని అనేవాళ్లు ఈ లెక్క కూడా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పరిశ్రమల ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకే ఇవ్వాలని చట్టం చేశారు. తగినవాళ్లు దొరక్కపోతే ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో తయారుచేసుకోవాలని కూడా అందులో రాశారు. ఎవరి మెషిన్ మీద, ఎవరి ఖర్చుతో అన్నదగ్గరే మాలాంటి చిన్నవాళ్ల కథ ఆగిపోతుంది.

అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, ఆపైన ఉన్నచోట అప్రెంటిస్‌లను తప్పనిసరిగా పెట్టుకోవాలి. నాలుగు నుంచి 29 మంది ఉంటే ఇష్టమైతే పెట్టుకోవచ్చు. స్టైపెండ్‌లో కేంద్రం ఇచ్చే వాటా నాలుగో వంతు, అదీ నెలకు 1,500 మించదు. తొమ్మిది మంది ఉన్న షెడ్లో పోర్టల్ రిజిస్ట్రేషను, కాంట్రాక్టు కాగితాలు, నెలనెలా హాజరు అప్‌లోడ్ చేసేది ఎవరు? మా అకౌంటెంట్ వారానికొకసారి వస్తాడు, అదీ జీఎస్టీ కోసం.

నేనడిగేది ఒక్కటే. ఎనిమిదో పదో షెడ్లను కలిపి ఒకే యాజమాన్యంగా గుర్తించి ఐటీఐతో ఒప్పందం చేసుకోనివ్వండి. పిల్లాడు కొంతకాలం ఐటీఐలో, కొంతకాలం పరిశ్రమలో నేర్చుకునే డ్యూయల్ సిస్టమ్ ఇప్పటికే కాగితం మీద ఉంది. దాన్ని మా దాకా దించండి. రెండో ఏడాది పిల్లలు వారంలో మూడు రోజులు మా షెడ్లలో ఉంటారు, నెలకొక షెడ్డు మారతారు. ఒకచోట టర్నింగ్, ఒకచోట గ్రైండింగ్, ఇంకోచోట హీట్ ట్రీట్‌మెంట్ చూస్తారు. ఖర్చు అందరం పంచుకుంటాం కాబట్టి ఆ పిల్లాడు చివరికి ఎవరి దగ్గర చేరినా ఎవరికీ ఏడుపుండదు. కాగితాల పని చూడ్డానికి పారిశ్రామికవాడల్లో ఐలా, అంటే వాడ పాలన చూసే స్థానిక సంస్థ, ఉండనే ఉంది. ఆస్తి పన్ను మా దగ్గర వసూలు చేస్తున్నది అదే, ఒక గుమాస్తాను పెట్టుకోలేదా? నేర్పడానికి రిటైరైన సెట్టర్లు చింతల్, కుత్బుల్లాపూర్ కాలనీల్లో ఇప్పటికీ ఉన్నారు. డిగ్రీ లేదని, వయసు దాటిందని వాళ్లను పక్కన పెట్టకుండా గంటకింత అని గౌరవంగా ఇవ్వండి.

మావాళ్ల సంగతీ చెప్పాలి. అప్రెంటిస్ పేరుతో పిల్లాణ్ని తెచ్చుకుని చాయ్ తెప్పించడం, లోహపు చిప్స్ ఎత్తించడం, రాత్రి షిఫ్టులో మెషిన్ దగ్గర ఒంటరిగా వదిలేయడం చేసే షెడ్లు మా లేన్‌లోనే ఉన్నాయి. చేతి గ్లౌజు, ముక్కను పట్టి తిప్పే చక్‌లో చిక్కి వేలు పోగొట్టుకున్న కుర్రాణ్ని నేను చూశాను. తిరిగే మెషిన్ దగ్గర గ్లౌజు వేసుకోకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. కాబట్టి తనిఖీ ఉండాల్సిందే. ఏ నెల ఏ పని నేర్పారో రాసే పుస్తకం పిల్లాడి చేతిలోనే ఉండాలి. అది ఖాళీగా ఉన్న షెడ్డును జాబితాలోంచి తీసెయ్యండి, మేమేమీ అడ్డుపడం.

మా లేన్‌లో ఎనిమిది షెడ్లవాళ్లం దీనికి సంతకాలు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాం. దగ్గర్లోని ఒక ఐటీఐకి వెళ్లి మాట్లాడితే, అంత చిన్న యూనిట్లతో ఒప్పందం ఎలా రాసుకోవాలో తమకు ఉత్తర్వులేవీ లేవని చెప్పి పంపించారు. ఉపాధి, శిక్షణ శాఖలో ఏ అధికారిని కలవాలో, ఏ ఫారం నింపాలో వాళ్లు మీ పత్రిక ద్వారా చెప్పినా చాలు. వచ్చే అడ్మిషన్లకు ముందే వెళ్లి కలుస్తాం.

ఇట్లు,
ఒక మెషిన్ షాప్ యజమాని,
జీడిమెట్ల, హైదరాబాద్